డూప్లికేటు గొంతు

అక్టోబరు 4, శనివారం

ఈ పేజీ ఎవడైనా నాకు తెలియకుండా తిప్పుతుంటే, నీకే చెబుతున్నాను. ఆ గొంతు నొక్కింది నువ్వే. మెట్ల కింద దుమ్ముపట్టిన పాత కంప్యూటర్‌ని చెత్త అన్నావు. తూకానికి వేశావు. చేతులు దులుపుకుని కొత్తది తెచ్చుకున్నావు. పాతదాంట్లో ఏముంది, అది ఎవరికి పనికొస్తుంది అని ఒక్కసారైనా అడిగావా? అడగలేదు. నువ్వు అడిగే రకం కాదు.

పొద్దున చిత్తూరు నుంచి మునిరత్నమన్న ఫోన్. బాగుండావా లేదు, తిన్నావా లేదు.

"అప్పా, నా మిషను మూగదైపోయింది."

నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. ముప్పయ్యేళ్లు చక్కెర మిల్లులో టెలిఫోన్ ఆపరేటరుగా చేసిన మనిషి. ఆ గొంతు నుంచి మనం ఏమీ రాబట్టలేం. అదే ఎదుటివాడి గొంతు నుంచి అన్నీ రాబడుతుంది.

రేపు పోవాలి.

అక్టోబరు 5, ఆదివారం

పోయి వచ్చాను. బస్సు ముందు అద్దానికి ఎండిన పూలదండ, నలిగిన నిమ్మకాయలు. డ్రైవరుకు దారి సగమే కనబడుతోంది. ఆయుధపూజ అయిపోయినా దేశం ఇంకా దండ తీయలేదు.

జరిగింది ఇదీ. ఆ రోజు చిత్తూరులో ఆటోకు, రంపానికి, తక్కెడకు, కుట్టుమిషనుకు బొట్టు పెట్టినట్టే మునిరత్నమన్న భార్య సులోచనమ్మ వదిన ఆయన కంప్యూటర్‌కూ పెట్టింది. పైరేకుకు పెట్టి వదిలేస్తే పీడా పోయేది. ఫ్యాను సరిగా తిరగడం లేదని డబ్బా పక్కరేకు ఎప్పుడో ఊడదీశారు. లోపల ఉన్నవన్నీ బయటికే కనబడుతున్నాయి. ఇంక కావలసిందేముంది! ఒక్కో కార్డుకూ ఒక్కో బొట్టు. సౌండు కార్డు మీద చిప్పు కాస్త పెద్దది, నల్లది, చదరంగా నుదురులా ఉంది... దానికి దండిగా గంధం, మీద తడి కుంకుమ.

"పని చేసేటివి లోపలుండేవే గదప్పా? బయట రేకుకు పెడితే యేం లాభం?" అంటుంది.

తర్కం చూడు! ఊరూరా తిరిగి మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలిచ్చేవాణ్ణి, నేనే తల ఊపాను.

తడి ఆరకముందే ఈయన స్విచ్చి వేశాడు. కాలిన వాసన. అంతే.

మిషను నడుస్తూనే ఉంది. మీట నొక్కితే తెర మీద అక్షరం పడుతోంది. ఆయనకు తెరెందుకు? పుట్టుకతోనే చూపు లేని మనిషి. మీట నొక్కితే అక్షరం పలకాలి, వాక్యం అయితే వాక్యం చదవాలి, తప్పుంటే వినిపించాలి. ఇన్నేళ్లూ ఆ చిప్పే పలికింది. ఆటల్లో తుపాకీ మోతల కోసం, కారు కూతల కోసం తయారుచేసిన చిప్పు. ఆ కూతల్నే ఒకదాని మీద ఒకటి పేర్చి, సాగదీసి, కత్తిరించి తెలుగు అక్షరాలు చేశాడు మహానుభావుడు. మిల్లు డ్యూటీ అయినాక ఏళ్ల తరబడి అదే పని.

"అప్పుడు తెలుగు మాట్లాడే కంప్యూటరు యాడుండాది? వాళ్లు చేసిస్తారని కూసోనుంటే ఈపొద్దుకీ కూసోనుంటా." ఇది చెప్పేటప్పుడు ఛాతీ ముందుకొస్తుంది. ఎన్నిసార్లు విన్నానో. అణకువ అనేది ఆ ఇంటి గడప తొక్కలేదు.

ఆయన రాస్తున్న పుస్తకం చివరి అధ్యాయం దగ్గర ఆగింది. మిల్లు ఎట్లా మూతపడిందీ, ఎవరెవరు మూయించారూ... టెలిఫోన్ స్విచ్చిబోర్డు ముందు కూర్చుని చెవులారా విన్నదంతా. చెరుకు రైతుల నోట్లో మన్ను కొట్టిన పెద్దమనుషులు, గుడ్డాపరేటరు ఉన్నాడన్న సంగతే మరచిపోయి లైన్లో మాట్లాడుకున్న మాటలు. ఈ జిల్లాలో అట్లాంటి పుస్తకం ఇంకొకరు రాయలేరు. అది ఆగిపోయింది. గంధంతో.

నేను చదివిపెడతానన్నాను. మండిపడ్డాడు.

"నువ్వు సదివితే నీ ఆవేశం ఇనపడతాది. నా వాక్యం ఇనపడదు."

"పోనీ వదిన..."

గొంతు తగ్గించాడు. "దాంట్లో వాళ్లన్న ఉండాడు."

వదిన వాళ్లన్న మిల్లు మేనేజరు. మరచిపోయాను.

అక్టోబరు 6

చిప్పుకు గంధం. రాసుకుంటే తప్ప నమ్మబుద్ధి కావడం లేదు.

అక్టోబరు 8, బుధవారం

దామును చిత్తూరు తీసుకుపోయాను. తిరుపతిలో ఆ రోజుల్లో అసెంబుల్డు కంప్యూటర్లు బిగించిన వాళ్లలో ఇంకా అంగడి తెరిచి ఉంచినవాడు అతనొక్కడే. ఈ మిషను బిగించిందీ అతనే. కార్డు ఊడదీసి, గంధం గోకి, కళ్లద్దాల కింద పెట్టుకుని కిసుక్కుమన్నాడు.

"అన్నా, ఇది డూప్లికేటు చిప్పు. అసలు పేరు గీకేసి పెద్ద కంపెనీ పేరు అచ్చేసినారు."

"నువ్వే గదరా అమ్మింది!"

"నేను అమ్మినా. నాకెవురు అమ్మినారో వాళ్లనడుగు."

అప్పటి మిషన్లన్నీ అంతే కదా. డబ్బా ఒక ఊరిది, బోర్డు ఒక దేశానిది, పేరు ఇంకెవరిదో. కొన్నవాడు మాత్రం ఇంటికొచ్చిన చుట్టాలకు "ఒరిజినల్" అని చూపించేవాడు. ఒరిజినల్! ఈ దేశంలో ఆ మాటకు కొట్టినంత కొబ్బరికాయలు ఏ దేవుడికీ కొట్టి ఉండరు.

దాము సంచిలోంచి ఇంకో కార్డు తీశాడు. దాని మీద నిజంగానే పెద్ద కంపెనీ చిప్పు, మచ్చలేనిది. బిగించాడు. ఆయన ప్రోగ్రాం మొదలైంది. గొంతు వచ్చింది. మాట రాలేదు. అక్షరాలన్నీ ఒకదానిలో ఒకటి కూరుకుపోయి... ఏదో మూలుగు.

మునిరత్నమన్న తల పక్కకు వాల్చి విన్నాడు. "ఈడెవుడప్పా? రేణిగుంట టేసన్లో రైళ్ల పేర్లు సెప్పేవాడు నోటి నిండా లడ్డు పెట్టుకున్నెట్ల ఉండాడు."

దాము నవ్వాడు. నేను నవ్వలేదు. ఆయనే కాసేపటికి చెప్పాడు. డూప్లికేటు చిప్పుకు ఎక్కడ వంకర ఉందో చెవితో పట్టి, ఆ వంకరకు తగ్గట్టే ప్రతి అక్షరాన్నీ దిద్దుకున్నాడట. ఒరిజినల్‌కు ఆ వంకర లేదు. కాబట్టి ఒరిజినల్‌కు తెలుగు రాదు.

దీనికి మళ్లీ నేర్పలేవా అన్నాను.

"నేర్పచ్చు. ఇంకో జన్మ కావాల. నువ్వేమో జన్మలు నమ్మవు."

అక్టోబరు 9, గురువారం

దాము ఫోన్. పాత కంప్యూటర్‌లా నటించే ప్రోగ్రాం ఒకటి ఉందట, మునిరత్నమన్న ప్రోగ్రాంను దాంట్లో వేసి చూశాడట. అదీ ఒరిజినల్‌నే నటిస్తోంది. డూప్లికేటును నటించేంత మర్యాద దానికెవరిస్తారు?

అక్టోబరు 10, శుక్రవారం

కాలేజీలో సభ. దివ్యాంగుల సాంకేతిక సాధికారత అట. నేను వక్తను. మునిరత్నమన్నకు సన్మానం, కొత్త ల్యాప్‌టాప్. నేనే చెప్పి పెట్టించాను, ఒక దారి దొరుకుతుందేమోనని.

శాలువా కప్పారు. ఫోటో కోసం భుజాలు పట్టుకుని తిప్పారు, బల్లను తిప్పినట్టు. "ఈ పక్కకి సార్, ఇంకొంచెం సార్" అంటూ. ఒక్కడంటే ఒక్కడు ఆయన చెయ్యి పట్టుకుని మెట్లెక్కడున్నాయో చెప్పలేదు. దిగేటప్పుడు తడబడితే ముందు వరసలో అయ్యో అన్నారు. అయ్యో అనడం వాళ్లకు బాగా వచ్చు.

ల్యాప్‌టాప్ చక్కగానే మాట్లాడుతుంది. ఆడగొంతు. వార్తలు చదివే గొంతు. పక్కన పెట్టాల్సిన పనేమీ లేదు, ఎందరో పిల్లలకు అది కళ్లే. అది ఒప్పుకోకపోతే నేను మూర్ఖుణ్ణి. కానీ ఈయన రాసిన అధ్యాయాలు దానికి ఎక్కవు. ఫైల్లో అక్షరాలు దాచే పద్ధతి ఈయన సొంతం, అది ఆ మిషనుకే తెలుసు. కొత్తగా ఏదో టైపు చేసి విన్నాడు. మిల్లు గేటు దగ్గర ఎడ్లబండి తోలే మనిషి మేనేజరును తిట్టిన మాట. చెరుకు బండ్లు వరసన నిలబడి ఎండిపోతున్న రోజుల నాటిది. తేనె పూసి చదివింది.

ఆయన వేదిక మీదే దానితో అన్నాడు. "అమ్మణ్ణీ, నువ్వు బాగా సదువుకున్న పిల్లవి. ఈ తిట్టు నీ నోట్లో బాగలేదు. నాకు నా మొరటోడే కావాల."

సభ చప్పట్లు కొట్టింది. ఆయన తమాషాకు అన్నాడనుకున్నారు.

అక్టోబరు 12, ఆదివారం

దాముకు గుర్తొచ్చింది. మునిరత్నమన్న కార్డు వచ్చిన పెట్టెలోని మిగతా కార్డులే తిరుచానూరు లాడ్జీలో కంప్యూటర్లకు వేశాడట, రిసెప్షన్లో భక్తిపాటలు పెట్టుకోవాలని. ఇద్దరం పోయాం. అమ్మవారి గుడి వీధిలో మల్లెల వాళ్లు, చామంతుల వాళ్లు, గది కావాలా గది కావాలా అని చొక్కా పట్టి లాగేవాళ్లు. నన్నూ లాగారు. ముఖం చూసి వదిలేశారు.

లాడ్జీ మేనేజరు కౌంటర్ మీద నుంచి తల ఎత్తలేదు. "పాత సామానంతా రేణిగుంట గోడౌనుకు పోయింది సార్. రూమ్ కావాలంటే చెప్పండి."

ఇరవై ఏళ్లు లాడ్జీలో దిగిన భక్తుల్ని మేల్కొలిపిన చిప్పు. సుప్రభాతం దానితోనే వేసి ఉంటాడు. తూకానికి వేసేముందు దండం కూడా పెట్టినట్టు లేదు. మా వదినే నయం.

అక్టోబరు 14, మంగళవారం

రేణిగుంట. గోడౌను. మదర్‌బోర్డులు వడ్ల కుప్పల్లా. పక్కన ఆడవాళ్లు గొంతుక్కూర్చుని చేతులతో రాగి తీగ లాగుతున్నారు. ముక్కుకు కొంగే అడ్డం. చేతితొడుగుల్లేవు. ఈ ఊరి నుంచి విమానం ఎక్కే పెద్దమనుషులు ఈ గోడ పక్కనే పోతారు, కారు అద్దాలెత్తుకుని. దీని గురించి వేరే రాయాలి. మరచిపోకు.

కుప్ప మీద కూర్చున్నాయన: "సౌండు కార్డులా? ఒక సారొచ్చి అన్నీ ఏరుకోని పోయినాడు. అద్దాల్లో పెట్టి గోడకు కట్టుకుంటాడంట."

"గోడకా?"

"నాకేం తెలుసన్నా. ఒకొక్కరికి ఒకొక్క పిచ్చి."

అక్టోబరు 16, గురువారం

ఆ సారు పేరు కార్తీక్. బైపాస్ రోడ్డు అపార్ట్‌మెంట్‌లో ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. దామునూ మునిరత్నమన్ననూ తీసుకుపోయాను.

గోడ నిండా కార్డులు. నల్ల మఖ్మల్ మీద, అద్దం వెనక, చిన్న చిన్న దీపాలు. జమీందారు ఇంట్లో పులి తలకాయలు చూసినట్టయింది. వేట మాత్రం తను ఆడలేదు. తూకానికి వచ్చింది.

ఉంది. దాము గుర్తుపట్టాడు. అదే కార్డు, అదే గీకిన చిప్పు, అదే దొంగ పేరు.

"సార్, ఇది చాలా రేర్. క్లోన్లలో కూడా రేర్ క్లోన్. ఇంకా వర్కింగ్ కండిషన్" అన్నాడు కార్తీక్, కళ్లు మెరుస్తూ.

"వర్కింగా? ఏం వర్కు చేస్తోంది అద్దంలో?"

"ప్రిజర్వేషన్ సార్. మన హిస్టరీ కదా."

నాకు తిక్క రేగింది. ప్రిజర్వేషన్ అంట! పలికేదాని నోరు మూసి, దీపం పెట్టి, దానికి చరిత్ర అని పేరు. మా వదిన గంధం పెట్టి చంపింది, ఇతను అద్దం పెట్టి చంపాడు. ఆమె కనీసం పని జరగాలని పెట్టింది. ఈ మాట మొహం మీదే అన్నాను. అతనికి గంధం సంగతి తెలియదు, బిక్కమొహం వేశాడు.

మునిరత్నమన్న నన్ను ఆపాడు. "ఒకసారి తాకనీ నాయనా" అన్నాడు అతనితో. కార్తీక్ ఆయన చెయ్యి పట్టుకుని ఫ్రేము దగ్గర పెట్టాడు. ఫ్రేము తెరవలేదు. వేళ్లు అద్దం మీద అటూ ఇటూ పాకాయి.

"అద్దం బాగా తుడిసినావు నాయనా."

అతనికి ఎక్కడో తగిలినట్టుంది. ఇస్తానన్నాడు. వాడుకోమన్నాడు. ఒక్కటే షరతు: వీడియో తీసుకోవాలి. "డాక్యుమెంటరీ లాగా సార్. ఇన్ని రోజుల తర్వాత మిషన్ మాట్లాడేటప్పుడు సార్ ఫేస్... ఫస్ట్ వర్డ్ విన్నప్పుడు ఆ ఎమోషన్... వ్యూస్ కోసం కాదు సార్, ఇన్స్పిరేషన్."

లేచాను. ఏమేం అన్నానో గుర్తులేదు. అమ్ముకోవడానికి ఈయన కన్నీళ్లే దొరికాయా అన్నట్టు గుర్తు. పక్క ఫ్లాట్ తలుపు తెరుచుకుంది.

ఆటోలో మునిరత్నమన్న నా మోకాలి మీద తట్టాడు. "తీసుకోనీ అప్పా. నేనెట్లా సూడను గదా."

"నేను చూస్తా కదా!"

"అది నీ కష్టం."

అక్టోబరు 17

కార్తీక్ మీద వ్యాసం మొదలుపెట్టాను. చింపేశాను. అతను ఇవ్వనని అనలేదు. అదే నా బాధ. ఇవ్వనన్నవాడి మీద రాయడం తేలిక.

అక్టోబరు 18, శనివారం

వదిన ఫోన్ చేసింది. ఆయన మేడ మీద ఉన్నాడట.

"శేఖరప్పా, ఆ పిల్లోడు కార్డు ఇస్తాడా ఇయ్యడా?"

వీడియో గొడవ చెప్పాను. వినలేదు. వేరే ఏదో చెప్పాలని చేసిన ఫోన్ అది. గుక్క తిప్పుకుంటోంది.

"నా మీద కోపంగా ఉండావు గదా నువ్వు. మీ ఇద్దురూ మనసులో నన్నే అంటా ఉండారు, వాళ్లన్న గురించి రాస్తాడని కావాలనే చేసిందని."

నేను ఆ మాట ఎవరితోనూ అనలేదు. అనుకున్నానా? అనుకునే ఉంటాను.

"పుస్తకంలో మీ అన్న ఉన్నట్టు నీకు..."

"తెలవకేం? అది పొద్దస్తమానం గట్టిగా సదవతా ఉంటే, వంటింట్లో నేనేం సెవుల్లో దూది పెట్టుకోనుంటినా? ఒకొక్క ముక్క ఇన్నా. మా యన్న రైతులను తిట్టింది ఇన్నా. ఈయన ఒక మాట పెట్టి, తీసి, మళ్లా పెట్టింది ఇన్నా. ఒక తూరి మా యన్న గురించి రాసింది మరీ పచ్చిగా ఉండాదని ఆయనే తీసేసినాడు. నేను ఇంకా ఉంచితే బాగుండు అనుకున్యా."

ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

ఎంత తెలివితక్కువ! గట్టిగా చదివే మిషనుతో రహస్యంగా రాస్తున్నాడని నమ్మాం, ఆయనా నేనూ. రెండు గదుల ఇంట్లో. మిల్లు పెద్దమనుషులు ఆపరేటరును మరచిపోయినట్టే, వంటింట్లో మనిషిని మేం మరచిపోయాం.

"ఆ బొట్టు పుస్తకం ముగించల్లనే పెట్టినాను అప్పా. ఆయనకు సెప్పద్దు నేను ఇన్నెట్ల. రాసేవాడికి ఒంటిగా ఉండాననుకోవాల. ల్యాకుంటే రాయలేడు."

చెప్పనన్నాను. గంధం మీద నా అభిప్రాయం మారలేదు. అది కూడా చెప్పలేదు.

అక్టోబరు 20

దీపావళి. తిరుపతంతా పేలుతోంది. అంత మోతలో ఒక్క మాట లేదు.

అక్టోబరు 21, మంగళవారం

మునిరత్నమన్న ఫోన్. "కాగితం తీసుకో. ఆ పిల్లోడికి మన డిమాండ్లు రాయి. సమ్మెకు రాసినెట్ల వద్దు. నీ విశేషణాలు ఒక్కటి గూడా పెట్టద్దు."

రాసుకున్నాను. ఆయన చెబుతూనే ఉన్నాడు, ఆపరేటరు గొంతుతో, ఒక్కోటీ రెండుసార్లు. ఆఖరుది చెప్పేముందు ఆగాడు. లైను కట్టయిందనుకున్నాను. కాలేదు. ఆ ఆఖరుది వినగానే పెన్ను పక్కన పెట్టాను. ఎవరు ఎవరికి చెప్పలేదో, ఎవరు ఎప్పటినుంచి విన్నారో... నేను అడగలేదు. అడిగితే చెప్పేవాడూ కాదు.

సాయంత్రం కార్తీక్‌కు పంపాను. చదివినట్టు గుర్తు వచ్చింది. జవాబు రాలేదు. పంపింది ఇది, అక్షరం మార్చకుండా:

కార్డు అద్దంలో నుంచి బయటికి రావాలి.

దాన్ని దాము తప్ప ఇంకెవరూ బిగించకూడదు.

పుస్తకం ముగిసేవరకు కార్డు మా ఇంట్లోనే ఉండాలి. ముగిసినాక నీ గోడకు నేనే తెచ్చిస్తాను.

వీడియో తీసుకో. నా ముఖం కాదు, మిషను ముఖం.

నేను ఏడుస్తానని ఎదురుచూడద్దు. సంగీతం పెట్టద్దు.

గంధం మాట వీడియోలో రాకూడదు. మా ఇంటామె పేరు రాకూడదు.

మొదటి మాట పలికేటప్పుడు గదిలో నేనొక్కణ్ణే ఉండాలి. నువ్వు కెమెరా మిషను ముందు పెట్టేసి, దాము, శేఖరప్పతో పాటు వీధిలో నిలబడాలి.

వంటింటి తలుపు తెరిచే ఉండాలి.